కడిగేసిన మామిడి చీటీలు

కడియంలోని మా నర్సరీ ఆఫీసులో కంప్యూటర్ ఫైళ్లు దాచే ఒక నల్ల పెట్టె ఉంది. ఏ మడిలో ఏ మామిడి అంట్లున్నాయో, ఎక్కడికి మార్చామో అన్నీ అందులోనే ఉంటాయి. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. దాన్ని చూసుకునేది మా కోడలు.

పెట్టె కొన్న కొత్తలో, స్నాప్‌షాట్లు ఎన్నాళ్లు ఉంచాలో కాగితం మీద రాసుకుని నా దగ్గరికి వచ్చింది.

“రోజుకొకటి తీస్తుందండి అత్తయ్యగారూ. ఆ పూటకి ఫైళ్లు ఎలా ఉన్నాయో అలాగే పట్టి ఉంచుతుంది. తొంభై రోజులు ఉంచుదామండి.”

“తొంభై కాపీలా? పెట్టె నిండిపోదూ? వారం చాలు.”

“మొత్తం కాపీ కాదండి. మార్చినచోట పాత ముక్కని మాత్రమే దాస్తుంది. అయినా మన తప్పులు వారంలో బయటపడతాయా? లారీ ఎక్కించేటప్పుడు కదండీ తెలిసేది!”

చోటు దండగ కాదన్నాక సరేనన్నాను. సణగడం మాత్రం మానలేదు.

తీరా తప్పు చేసింది నేనే. రకం పేరు రాసి మడికొక ప్లాస్టిక్ చీటీ గుచ్చుతాం. మడి ఖాళీ కాగానే దాన్ని కడిగి మళ్లీ వాడటం నా అలవాటు. వానల ముందు ఆరు మడులు ఖాళీగా కనిపిస్తే, అమ్ముడుపోయాయనుకుని చీటీలు కడిగించేశాను. కంప్యూటర్లో పేర్లూ తీసెయ్యమని గుమాస్తాతో చెప్పాను. నా మాట మీద ఆయన తీసేశారు. ఆ మొక్కల్ని కూలీలు వెనక నీడకి కట్టిన షేడ్‌నెట్ కిందికి మార్చారని నేను అడగనేలేదు.

పదిహేను రోజులకు ఒక రైతు బంగినపల్లి అంట్ల కోసం వచ్చారు. షేడ్‌నెట్ కింద ఆరు వరుసలు, ఆరు రకాలు. లేత ఆకు చూసి తేల్చడం నా వల్ల కాలేదు. తప్పు మొక్క ఇస్తే, కాపుకొచ్చేదాకా ఆయనకి తెలియదు. అన్నేళ్లు నీళ్లు పోసి పెంచినాయన ముఖం ఎలా చూడను?

“రేపు రండి బాబూ” అని పంపించి, కోడలికి సంగతి చెప్పాను.

“ఏంటండీ, చీటీలతో పాటు పెట్టెని కూడా కడిగించేశారా!” అని నవ్వింది. పదహారు రోజుల కిందటి స్నాప్‌షాట్ తెరిచింది. “అంతా వెనక్కి తిప్పితే ఈ మధ్య రాసినవి పోతాయండి. ఆ ఒక్క ఫైలే తెచ్చుకుందాం.”

ఏ మడి మొక్కలు ఏ వరుసలోకి మారాయో అందులో రాసే ఉంది; ఆరు వరుసల పేర్లూ వచ్చాయి. నా వారం మాట వినుంటే ఏమయ్యేదో ఆ పిల్ల ఎత్తనైనా లేదు. ఎత్తనందుకే ఎక్కువ రుణపడ్డాను.

ఇద్దరం కూర్చుని కొత్త చీటీలు రాస్తుంటే మెల్లగా అంది: “స్నాప్‌షాట్లన్నీ ఈ పెట్టెలోనే ఉన్నాయండి. ఇది కాలిపోతే అవీ పోతాయి. రాజమండ్రిలోని మన ఇంట్లో ఇంకోటి పెట్టాలి.”

ధర అడగబోయి ఆగాను.

“రేపు ఆ రైతు మొక్కలు బయల్దేరాక వెళ్లి తీసుకురా” అన్నాను.