వాల్టర్ ఆలస్యాన్ని సరిచేశారు

సన్నీవేల్‌లో ఒక మ్యూజిక్ యాప్ కంపెనీలో సీనియర్ ఆడియో ఇంజినీర్‌గా ఉండేవాణ్ణి. రిటైరవడానికి ముందు సంవత్సరం వేసవిలో వాల్టర్ అనే ఆల్టో శాక్సఫోన్ విద్వాంసుడి పాత టేపుల పని నాకు అప్పగించారు.

వాల్టర్‌ది కూల్ జాజ్. ఆ బాణీలో ఆర్భాటం ఉండదు. ఆయన స్వరం వణక్కుండా, మెత్తగా ఊదేవాడు. డ్రమ్ము దెబ్బ పడ్డాక రవ్వంత ఆగి గానీ అందుకునేవాడు కాదు. పడుచు వయసులో లాస్ ఏంజెలస్ క్లబ్బుల్లో పేరు తెచ్చుకున్నా, రాక్ రోజులొచ్చాక పని కరువై, స్కూల్లో బ్యాండు నేర్పి బతికాడు. సొంత పేరు మీద చేసిన ఆల్బమ్ ఈ టేపుల్లో ఉన్నదొక్కటే, అదీ విడుదల కాలేదు. ఎనభై దాటిన మనిషి, తాను ఉండగానే అది బయటికి రావాలని ఆశపడ్డాడు.

పాతబడిన టేపు జిగురెక్కుతుంది. సన్నని సెగ తగిలించి, అది ఆరాక కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాం. అంతవరకు నేను చేశాను. ఆ తర్వాత మా ప్రొడక్ట్ మేనేజర్ కిరణ్ నాతో ఒక్క మాటైనా అనకుండా ఫైళ్లను ఆటో కరెక్షన్‌లో పెట్టేశాడు. పాప్ పాటలకు అలవాటైన పద్ధతి అది. వెనకబడిన స్వరాన్ని సాఫ్ట్‌వేర్ ముందుకు జరిపి సరిగ్గా దెబ్బ మీద కూర్చోబెడుతుంది.

వినిపించడానికి వాల్టర్‌ను పిలిచాం. రెండు పాటలు విని హెడ్‌ఫోన్లు తీసేసి, ఇది తాను కాదన్నాడు. బల్ల మీద వేలితో తాళం వేస్తూ అదే పాట పాడి చూపించాడు. ప్రతిసారీ దెబ్బకు వెనకే, కావాలనే.

"అయినా లేటే కదా ప్రసాద్ గారూ! ఫిక్స్ చేసినందుకు థాంక్స్ చెప్పాలి," అన్నాడు కిరణ్ తెలుగులో, ఆయన ఎదుటే.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆయన జీవితమంతా సాధన చేసింది ఆ లేటేనయ్యా! దాన్ని డిలీట్ చేసి ఆయన పేరుతోనే అమ్ముతావా?" అన్నాను.

"రిలీజ్ డేట్ లాక్ అయిపోయిందండీ. ఇప్పుడు వెనక్కి తీస్తే నా పెర్ఫార్మెన్స్ రివ్యూ ఏం కావాలి?"

ఇంజినీర్ అప్రూవల్ లేనిదే ఆల్బమ్ బయటికి పోకూడదు. నేను ఇవ్వనన్నాను. ఏముంది, నన్ను తప్పించి ఇంకొకరి చేత అప్రూవల్ బటన్ నొక్కించారు! హక్కులన్నీ కంపెనీవి కాబట్టి వాల్టర్ అభ్యంతరాన్ని పట్టించుకునే దిక్కు లేకపోయింది.

ఆల్బమ్ వచ్చింది. ఎంత కచ్చితంగా వాయించాడో అని యాప్‌లో జనం మెచ్చుకున్నారు. ఆ కామెంట్లు చదివిన వాల్టర్ నాకు ఫోన్ చేసి, అంత బాగా వాయించినాయన ఎవరో తనకూ పరిచయం చేయమన్నాడు.

అప్రూవల్ ఆపినా ఆల్బమ్ ఆగదని నాకు తెలిసొచ్చింది. ఉద్యోగంలో మిగిలిన నెలల్లో, టేపు ఎక్కించగానే అసలు వాయింపు వాళ్ల దగ్గరైనా మిగలాలని, ఏ మార్పూ చేయని కాపీ ఒకటి వాయించినవాళ్లకే ముందు ఇచ్చి, తర్వాతే ఆఫీస్‌కి పంపేవాణ్ణి. కంపెనీ రూల్స్‌కి అది విరుద్ధం.