గడియారంలో పసుపు చుక్క

బంకులో పెట్రోలు పోయించుకునేటప్పుడు అందరూ మీటరు చూస్తారు. నేను కళ్లు మూసుకుని వాసన పీలుస్తాను. వెనకవాడు హారన్ కొట్టేదాకా మస్తాన్ సాబ్ నా ఎదుట కూర్చునే ఉంటాడు. కంటికి అద్దం, ముందు గిన్నెలో పెట్రోలు, అందులో స్నానం చేస్తున్న గడియారపు చక్రాలు.

డిగ్రీ అయ్యాక ఉద్యోగాలేవీ నన్ను వెతుక్కుంటూ రాకపోవడంతో, కర్నూలులో ఆయన గడియారాల అంగట్లో పనికి చేరాను. ఆయన చేతికి మాత్రం గడియారం ఉండేది కాదు. అడిగితే, "మిఠాయి అంగడోడు మిఠాయి తింటాడేమప్పా?" అన్నాడు.

ఒకనాడు కోయిలకుంట్ల నుంచి శివారెడ్డి అనే రైతు, చనిపోయిన తన తండ్రి గడియారం తెచ్చాడు. స్విట్జర్లాండు సరుకు. బంగారు చట్రం, మీగడ రంగు ముఖం, వెంట్రుకల్లాంటి ముళ్లు. అంకెల్లేవు, సన్నటి గీతలే. టైము చెప్పడం తన స్థాయికి తక్కువన్నట్టు ఉందది.

"ఆదివారం నాయన సంవత్సరీకం సాబ్. ఆ పొద్దుకు ఇది తిరగాల. కట్టుకుంటే నాయన చెయ్యి పట్టుకున్నట్టుంటాది" అన్నాడు.

సాబ్ దాన్ని విప్పి, కంటి అద్దం నాకిచ్చాడు. పెళ్లిలో, చావులో కూడా మూతపడని నా నోరు మూతపడింది. రూపాయి బిళ్లంత చోటులో ఒక ఊరుంది. ఆవగింజంత ఎర్రరాళ్ల మీద చక్రాలు నిలబడ్డాయి. ప్రతి రేకు అంచునూ ఏటవాలుగా చెక్కి నీళ్లలా మెరిపించారు. ముఖం కింద దాగిపోయే వైపూ అంతే.

"ఈ పక్క ఎవరు చూస్తారని సాబ్, ఇంత పని?"

"నువ్వు చూస్తాండావు గదప్పా."

శుక్రవారం ఆయుధపూజ. ఏటా పనిముట్లకు పూజ చేసుకోమని సాబే చెప్పేవాడు. ఆయన నమాజుకు వెళ్లగానే పట్టకార్లకూ స్క్రూడ్రైవర్లకూ పసుపు కుంకుమ పెట్టాను. చూసిన అందం ఇంకా కళ్లలోనే ఉంది. విప్పి పెట్టిన గడియారం మీద బోర్లించిన గాజు మూత తీసి, దానిమీదా చిటికెడు పసుపు చల్లి దండం పెట్టాను. నా జీవితంలో అంత భక్తి అదే మొదటిసారి.

సాబ్ వచ్చాడు. చూశాడు. చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"దేవునికి పసుపు పెట్టాల గానీ, దేవుని పేగుల్లో పోస్తారేమప్పా?"

మామూలుగా ఇలాంటి మాటలు నేననాలి. ఆరోజు నవ్వు రాలేదు. మధ్యలో ఉన్నది శనివారం ఒక్కటే. పసుపు నూనెలో కలిసి రాళ్ల రంధ్రాల్లో గడ్డకట్టింది. ఆ రంధ్రాలు శుభ్రం చెయ్యమని సాబ్ ఒక పుల్లను సూదిలా చెక్కి నా చేతిలో పెట్టాడు.

"నేను చెడగొడతా సాబ్."

"చెడగొట్టేది అయిపోయింది లేప్పా. బాగుచేసేదే మిగిలిండాది."

శనివారం సాయంత్రం ఆయన ఆఖరి చక్రాన్ని దించాడు. అది ఒక్కసారి వణికి, ఊగడం మొదలుపెట్టింది. అప్పుడే వచ్చిన శివారెడ్డికి సాబ్ జరిగిందంతా చెప్పేశాడు. "మావోడు పసుపు పోసినాడు రెడ్డీ. కడిగినాం." నేను వాకిలి ఎంత దూరమో లెక్కేసుకుంటున్నాను. శివారెడ్డి గడియారాన్ని చెవికి ఆనించుకుని, అలాగే కళ్లు మూసుకున్నాడు. మమ్మల్ని ఆయన మరిచిపోయాడు.

ఇప్పుడు సాబ్ లేడు. అంగడి నేను చూసుకుంటున్నాను. పోయిన నెల అదే గడియారం నూనె కోసం వచ్చింది. విప్పి, ముఖం కిందివైపు అద్దంతో చూశాను. చక్రాలకు తగలని ఒక మూల, ఆ మెరుపు పక్కనే, చిన్న పసుపు చుక్క.

నా కంటికి ఆనింది సాబ్ కంటికి ఆనకుండా ఉండదు. కావాలనే వదిలేశాడు. ఆ పక్క ఎవరు చూస్తారని?

దాన్ని తుడవకుండానే మూత బిగించాను.