ఎడమ కొస తెర పట్టిన మనిషి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. దానికి కారణం చదువు కాదు, మా నాన్న. ఉద్దనపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో వీధినాటకాలు నేర్పేవారాయన. దయ్యం వేషం వేసేవాడికి మసి, సున్నం, ఎర్రరంగు పూస్తుంటే గిన్నె పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. దయ్యాన్ని ఎలా తయారుచేస్తారో దగ్గరుండి చూసినదాన్ని, దానికేం భయపడతాను?

హోసూరులో ప్రభుత్వ బడిలో తెలుగు టీచర్ని. రెండేళ్ళుగా శనివారం మధ్యాహ్నాలు కృష్ణగిరి వైపు ఒక చిన్న జైలుకు వెళ్ళి, లోపలున్నవాళ్ళకు నాటకం నేర్పుతున్నాను. ఏ జైలో చెప్పను. అందరూ విచారణలో ఉన్నవాళ్ళే, ముప్పైమందికి మించరు. మొదటిరోజు నన్ను చూసి నవ్వుకున్నారు. ఆరో తరగతి పిల్లల్ని దారిలో పెట్టేదాన్ని, వీళ్ళొక లెక్కా? మూడో వారానికి వరసగా నిలబడి గొంతెత్తి పద్యం చెప్పారు. గొప్పలు పోతున్నానని మీరనుకున్నా సరే, ఈ సంగతి చెప్పుకోవడం నాకిష్టం.

నాటకం మేమే కట్టుకున్నాం. అబద్ధమాడి రాజ్యం పోగొట్టుకున్న ఒక రాజు, చివరికి తన జనం ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటాడు. రాజు వేషం చెన్నప్పది. అత్తిముగం దగ్గర రైతు, కంచు గొంతు. పొలం గట్టు తగాదాలో మనిషిని కొట్టి లోపలికి వచ్చాడు. అతనికి ఒక్కతే కూతురు, మంజుల. బర్గూరులో కాలేజీలో చదువుతోంది. ఏడు నెలలుగా ఆ పిల్ల చూడ్డానికి వస్తోంది, చెన్నప్ప ఒక్కసారీ ఆమెను కలవడానికి బయటికి రాలేదు.

“ఏ మొకం పెట్టుకొని పోయేది టీచరమ్మా?” అనేవాడు.

నాటకానికి ఇంటివాళ్ళను రానిస్తామని జైలర్ అన్నప్పుడు మంజులకు ఫోన్ చేసింది నేనే. చెన్నప్పకు మాత్రం చెప్పలేదు. చెబితే వేషం మానేస్తాడని భయం. చేసింది తప్పో ఒప్పో అప్పుడు ఆలోచించలేదు.

ఇక తెర సంగతి. మా నాటకాల్లో వేషం నేరుగా జనంలోకి రాదు. ఇద్దరు చెరో కొస పట్టుకుని గుడ్డ ఎత్తిపెడతారు. దాని వెనక వేషం అడుగులు వేస్తుంది. పాట అయ్యాక తాళం దెబ్బ పడగానే ఇద్దరూ ఒకేసారి వదిలేయాలి. జైల్లో తాడు కట్టకూడదు, మేకు కొట్టకూడదు. అంటే మా తెరను మనుషులే పట్టుకోవాలి, వేరే దారి లేదు. కుడి కొస నాగరాజప్ప అనే మేస్త్రీది. ఎడమ కొస ధర్మపురి లారీ డ్రైవరు సెల్వానిది. సెల్వానికి తమిళం తప్ప రాదు.

నాటకం రోజు పొద్దున సెల్వాన్ని కోర్టు వాయిదాకి తీసుకెళ్ళారు. మధ్యాహ్నానికి వచ్చేస్తాడన్నారు. రంగులు పూసే హడావిడిలో నేను మళ్ళీ అడగలేదు. మూడున్నరకు వరండాలో తెర లేచింది. నేను ఎదురుగా కింద కూర్చుని తాళాలు అందుకున్నాను. ఎడమ కొస స్తంభం చాటున పడింది. గుడ్డ అంచు మీద నాలుగు వేళ్ళు కనబడ్డాయి. సెల్వం వచ్చేశాడనుకున్నాను.

పాట అయింది. తాళం కొట్టాను. నాగరాజప్ప వదిలాడు. ఎడమ కొస దిగలేదు. చెన్నప్ప ఆ వైపే నిలబడి ఉన్నాడేమో, వాలుగా వేలాడుతున్న గుడ్డ వెనకే ఉండిపోయాడు. ఇంకోసారి గట్టిగా కొట్టాను. లాభం లేదు. ఒళ్ళు మండిపోయింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. పరువు దక్కించుకోవాలి కాబట్టి పాట మళ్ళీ ఎత్తుకున్నాను. సగం పాడేసరికి తెర మెల్లగా దిగింది.

చెన్నప్ప నడిచి వచ్చాడు. తప్పు ఒప్పుకునే మాటలు మేం రాసుకున్నవే. వాటిని ముందు వరసలో ఉన్న కూతురి వైపు తిరిగి చెప్పాడు. ఒక్క మాట తడబడలేదు. వార్డర్లు కూడా లేచి చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళలో నా బడి పిల్లలు ఎన్ని బహుమతులు తెచ్చినా నేనంత గర్వపడలేదు. మంజుల వచ్చి తండ్రి రెండు చేతులూ పట్టుకుంది.

చూడవచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, సెల్వాన్ని నాలుగు దులుపుదామని వెతుకుతున్నాను. అప్పుడే గేటు తీశారు. పోలీసు బండిలోంచి సెల్వం దిగాడు. కోర్టులో కేసు పిలవడమే ఆలస్యమైందని, మన్నించమని తమిళంలో బతిమాలాడు. గేటు పుస్తకం నేనే చూశాను. అయిదుంబావు.

తెర ఎత్తిపట్టినప్పుడు వేషాలు వేసిన మిగతావాళ్ళు వెనక గదిలో ఉన్నారు. ఆ గది తలుపు దగ్గర ఒక వార్డర్ ఉన్నాడు, ఎవరూ బయటికి రాలేదన్నాడు. తక్కిన ఖైదీలు నా వెనక వరసగా కూర్చున్నారు. బయటివాళ్ళు వచ్చారని ఇంకో వార్డర్ ఆ ఖైదీలనే కనిపెట్టి చూస్తున్నాడు. వాళ్ళలో గానీ, చూడవచ్చినవాళ్ళలో గానీ ఒక్కరూ లేవలేదన్నాడు. జైలర్ ఫోన్‌లో తీసిన ఫొటో ఉంది. అందులో నాగరాజప్ప చేతులు దించేసి నిలబడ్డాడు. ఎడమ కొస మాత్రం పైనే ఉంది. స్తంభం అడ్డం.

నాగరాజప్పను అడిగాను. “ఎండ కండ్లలో పడ్తా ఉండె టీచరమ్మా. మనిషైతే ఉండాడు. సెల్వమే అనుకుంటి” అన్నాడు.

చెన్నప్ప చెప్పిందే నన్ను నిద్రపోనివ్వలేదు. గుడ్డ చిరుగులోంచి బిడ్డ కనబడిందట. వేషం తీసి పారేసి లోపలికి ఉరుకుదామనుకున్నాడట. అప్పుడు పక్కన తెర పట్టుకున్న మనిషి, మన తెలుగులోనే మెల్లగా అన్నాడట: “తొందర లేదప్పా. నువ్వు చెప్పినప్పుడే దించుతా.”

“మొకం చూళ్ళేదు టీచరమ్మా. నా కండ్లు బిడ్డ మీదనే ఉండె. కొంచేపటికి దించప్పా అంటి. దించినాడు” అన్నాడు చెన్నప్ప.

చనిపోయిన మీ నాన్నగారే వచ్చారేమో అని మా బడిలో ఒకరన్నారు. నవ్వొచ్చింది. వేషగాడు ఒక్క దెబ్బ ఆలస్యం చేస్తే తాళాలు విసిరేసే మనిషి ఆయన. నాదీ అదే బుద్ధి. ఆ కొస నా చేతిలో ఉంటే మొదటి దెబ్బకే వదిలేసేదాన్ని. చెన్నప్ప మళ్ళీ కూతురికి ముఖం చూపించేవాడు కాదు.

తర్వాతి శనివారం మంజుల గేటు దగ్గర నాకోసం కాచుకుని ఉంది. తండ్రిని చూసి వచ్చిందట. తనంతట తానే బయటికి వచ్చి అరగంట మాట్లాడాడట. జరిగిందంతా చెప్పాడట.

“ఆ తెర పట్టుకున్నాయన యాడుండాడో చూపించండి టీచర్. ఒక్కసారి కాళ్ళకు మొక్కి పోతాను” అంది.

నేను నేర్పినవాళ్ళను ఒక్కొక్కరినీ పేరు పెట్టి చూపించగలను. ఒక్కొక్కరి గురించి గంటసేపు గొప్పగా చెప్పగలను. ఆ పిల్ల అడిగిన మనిషిని మాత్రం ఈ రోజుకీ చూపించలేకపోయాను.