ఇరవయ్యేడు జతల కాళ్ళు

మూడేళ్ళ కిందట, తుపాను వానలు వెలిసిన వారం. నెల్లూరులో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతూ, ల్యాబులో ఒక మూల బల్ల మీద జెర్రుల్ని కొలుస్తూ ఉండేదాన్ని. ఇప్పటికీ అదే పని. వాననీళ్ళకు జెర్రులు ఇళ్ళలో దూరతాయి, జనం సీసాలు పట్టుకుని నా దగ్గరికొస్తారు. అందరి జెర్రీ అడుగున్నరే. తీరా స్కేలు పెడితే జానెడు దాటదు. విని విని నాకు విసుగొచ్చేసింది.

ఆ మధ్యాహ్నం తోటపల్లి గూడూరు నుంచి రమణయ్య వచ్చాడు. రొయ్యల గుంటల దగ్గర పనిచేస్తాడు. అతని ఊరగాయ సీసాలో నారింజ, నలుపు పట్టీలున్న రెండు ముక్కలు.

"అడుగున్నర ఉంటాది మేడమ్. నిన్న సాయంత్రం మా అమ్మ కత్తితో నరికింది. ఇంట్లో మా చెల్లెలు బాలింత. ఇది మనిషిని చంపేదా కాదా, అది చెప్పండి చాలు."

నరికిన ముక్కలు మళ్ళీ అతుక్కుంటాయని వాళ్ళింట్లో నమ్మకమట. అందుకని తలవైపు ముక్కను వీధిలోకి, తోకవైపు ముక్కను పెరట్లోకి విసిరేస్తారు. పొద్దున రమణయ్య రెండూ వెతికి ఏరుకొచ్చాడు.

ముక్కల్ని ట్రేలో పరిచాను. స్కోలోపెండ్రా, అంటే పెద్ద జెర్రుల జాతి. కుడితే పెద్దవాళ్ళు ఏడ్చి ఊరుకుంటారు, పసిబిడ్డ సంగతి వేరు. చచ్చిన జెర్రి పొడవును నేను నమ్మను, లాగితే సాగుతుంది. అందుకని టెర్గైట్, అంటే వీపు మీది పలక, ఎంత వెడల్పుందో కాలిపర్స్‌తో కొలుస్తాం. కాళ్ళు లెక్కపెడతాం. ఈ రకానికి ఇరవయ్యొక్క జతలు.

తలముక్కకు పన్నెండు జతలున్నాయి. తోకముక్కకు పదిహేను. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవయ్యేడే. పలకల వెడల్పూ కలవలేదు. ఒక ముక్క అంచు నున్నగా తెగింది, రెండోది నలిగి తెగింది.

"రమణయ్యా, మీ అమ్మ ఎన్నింటిని నరికింది?"

"ఒకటే మేడమ్."

"ఇవి రెండు జెర్రులు. ఒకదాని తోక కనబడలేదు, ఏ కాకో ఎత్తుకుపోయి ఉంటుంది, దాంతో భయం లేదు. రెండోదాని తల కనబడలేదు. తల, ఆరు జతల కాళ్ళు, విషపు కోరలు. ఆ ముక్క ఇంకా బతికి ఉండొచ్చు."

అతను ఇంటికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. పటకారు, ఒక ఖాళీ సీసా తీసుకుని అతని బండి మీదే బయల్దేరాను.

వాళ్ళమ్మ వరండాలో కూర్చుని ఉంది. రెండో జెర్రి సంగతి చెప్పాం. "బిడ్డ లేస్తాదని ఫోను సౌండు తీసేసినాం. నేను నరికింది ఒకటే. రెండోది యాడినుంచి వస్తాది?" అంది.

గదిలో కిటికీలు మూసి ఉన్నాయి. సాంబ్రాణి పొగ కమ్మి ఉంది. చీర ఉయ్యాలలో బిడ్డ నిద్రపోతోంది. ముందు బిడ్డను బయటికి తెమ్మన్నాను. చెల్లెలు సుజాత బిడ్డను రొమ్ముకు అదుముకుని గడప దాటి వచ్చింది. అప్పుడు నోరు విప్పింది.

"నిన్న దీపాలు పెట్టినాక తలుపు కిందినుంచి వస్తావుంటే తలుపేసి నొక్కినా అక్కా. తోక బయట తెగిపడింది. పొరకతో పెరట్లోకి తోసేసినా. తల కనబడలా. చచ్చుంటాదిలే అనుకున్నా."

"ఎవరికీ చెప్పలేదేం?"

"బాలింత ప్రాణం తీస్తే బిడ్డకు కీడంటాది మా అమ్మ."

టార్చి వేసి చాప కింద, పెట్టె వెనక, గుడ్డల మూట అంతా వెతికాను. ఏమీ లేదు. చివరికి ఉయ్యాల ముడి విప్పుతుంటే మడతల్లో గరగరమంది. నెమ్మదిగా విప్పాను. బిడ్డ మెడ ఆనే చోట, బొంత కింద, తల పైకెత్తి కోరలు తెరుస్తూ మూస్తూ ఉంది. ఆరు జతల కాళ్ళూ కదులుతున్నాయి. వాటి వెనక ఏమీ లేదు.

పటకారుతో పట్టి ఖాళీ సీసాలో వేశాను. మూత గట్టిగా బిగించాను.

పెద్దామె కూతురి వైపు తిరిగింది. "తిడతానని చెప్పలేదా?"

"అవునమ్మా."

"తిట్టేదాన్నే," అంది ఆమె. తల్లీబిడ్డలిద్దర్నీ కలిపి దగ్గరికి తీసుకుంది.

అప్పట్నుంచీ ఎవరు సీసా తెచ్చినా కొలత తర్వాత తీస్తాను. ముందు ఇంట్లో ఎవరెవరున్నారో అడుగుతాను, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాను. భయపడి దాచినవాళ్ళు ఏ ఇంట్లోనైనా ఉండొచ్చు. ఆ ముక్క మాత్రం మర్నాటి పొద్దుటి దాకా సీసా గోడ ఎక్కడానికి ప్రయత్నిస్తూనే ఉంది.