అంచులో సిపాయి

ధర్మవరంలో అన్నతో కలిసి ఒకే మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు చౌడప్ప. నడిమి బట్ట నేసేది అన్న. చీర బాగుందంటే పేరూ అన్నకే. పక్కన కూర్చుని, అంచు దారం మోసే మొనదేలిన కొయ్య నాడె విసిరేది చౌడప్ప. ఏళ్ల తరబడి విసిరి విసిరి కుడిభుజం కిందికి జారింది, మెడ ఒక పక్కకే తిరుగుతుంది. మగ్గం దిగగానే, బామ్మర్ది శివప్రసాద్ హిందూపురం నుంచి తెచ్చిన మూకీ సినిమా డీవీడీ పెడతాడు. అందులో యుద్ధం మొదలవగానే టీవీ తెర మీద సన్నటి పట్టీలా పక్కపక్కనే మూడు బొమ్మలవుతాయి: నడుమ గుర్రం మీద రాజు, అటూ ఇటూ పొడుచుకు చచ్చే సిపాయిలు. చౌడప్పకు అది రెండంచుల చీర. రాజు మొహం చూడడు. కుడి అంచులో గడ్డం సిపాయి ఒకడు, కడుపులో బల్లెం దిగినా ఇద్దర్ని నరికి గానీ కూలడు. "ఏసెయ్యబ్బా వాన్ని!" అని పళ్లు కొరుకుతూ చౌడప్ప గాలిలోనే నాడె విసురుతాడు.

మొన్న శివప్రసాద్ "బొమ్మ మరీ సన్నంగా ఉండాది బావా, పెద్దది చేస్తా" అంటూ రిమోట్ నొక్కాడు. రాజు తెరంతా నిండాడు. రెండు పక్కలూ ఎగిరిపోయాయి. "అంచులు కోసేస్తివి కదరా!" అని చౌడప్ప వాడి గొంతు పట్టి తల గోడకేసి కొట్టాడు. మగ్గం మీది నాడె అందుకుని, దాని మొనతో చెంప చీరేశాడు. గంగాదేవి పరుగున వచ్చి మొగుడి చేయి పట్టుకుంది. "ఇడువు, నా తమ్ముడు సస్తాడు! డిస్కే గదా, మల్లా ఏసుకో!" రక్తం కారుతుండగానే శివప్రసాద్ మళ్లీ రిమోట్ నొక్కాడు. అంచులు తిరిగొచ్చాయి. గడ్డం సిపాయి అప్పటికే బురదలో పడి ఉన్నాడు. చౌడప్ప నాడె వదిలేసి తెర ముందు కూలబడ్డాడు.

"రాజును సూసేదానికి లోకమంతా ఉండాది. అంచులో వాడు సచ్చేటప్పుడు ఒగడన్నా సూడల్ల గదే" అన్నాడు.