ముందు దీపమా, గుడ్డిపువ్వా

ఆ కోఆర్డినేటర్ మీద నా కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకోవాలని నేను ప్రయత్నించనూ లేదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ డైరీ రాయడం అలవాటు. కోపం వచ్చినా ఆ రోజే రాసి పెట్టుకుంటాను, తర్వాత దానికి రంగులు అద్దకుండా ఉండటానికి. కాబట్టి ఇక్కడ చెప్పేది పెంచి చెబుతున్నది కాదు.

నేను వ్యవసాయ విస్తరణాధికారిగా రిటైరై కరీంనగర్‌లో ఉంటున్నాను. సర్వీసులో ఎక్కువ కాలం బోథ్ చుట్టుపక్కల పత్తి చేలలోనే గడిచింది. పోయిన వానాకాలం, పత్తి పూత మీదున్న రోజుల్లో, ఆదిలాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఏదో స్వచ్ఛంద సంస్థలో కోఆర్డినేటర్. బోథ్ రైతులకు గులాబీ రంగు పురుగు మీద ఆన్‌లైన్ వర్క్‌షాప్ పెడుతున్నామని, ముఖ్య అతిథీ నేనే, పాఠం చెప్పాల్సిందీ నేనేనని అన్నాడు.

ఒప్పుకున్నాను. ఒక్కటే అడిగాను.

"మొదలువెట్టుడే పువ్వుతోని పెడ్త. అందర్ని చేన్లనే ఉండుమను. ఒక్కొక్కలు ఒక గుడ్డిపువ్వు తెంపి చేతిల పట్టుకొమ్మను."

గుడ్డిపువ్వు అంటే విచ్చుకోని పత్తి పువ్వు. పురుగు లోపల చేరి రెక్కలను దారాలతో కుట్టేసుకుంటుంది. బయటికి ముద్దుగా, మొగ్గలాగే కనిపిస్తుంది. ఎంత మందు కొట్టినా లోపలి పురుగును తాకదు. ముందు ఆ పూలను ఏరి పారేయాలి, మందు సంగతి తర్వాత. పూత సమయంలో రైతుకు మొట్టమొదట తెలియాల్సింది ఇదే.

"గట్లెట్ల సార్? వర్క్‌షాప్ అంటే ఒక పద్ధతి ఉంటది గద," అన్నాడు.

"పురుగుకు పద్ధతి తెల్వదు గద."

"మీ కాలం వేరు సార్. గిప్పుడంత ఆన్‌లైన్. జనం కుదురుకోవాలె, పరిచయాలు కావాలె, జర వాతావరణం రావాలె."

"వాతావరణం చేన్లనే ఉన్నది."

నవ్వాడు. ముసలివాళ్ల మాటకు నవ్వే నవ్వు అది. కార్యక్రమంలో ఒక్క ముక్క కూడా మార్చలేదు.

మా కాలంలో పొలంబడి ఉండేది. పొద్దున్నే రైతులతో కలిసి నేరుగా సాళ్లలోకి దిగేవాళ్లం. మంచుకు మోకాళ్ల దాకా తడిసేవాళ్లం. ఒక మొక్కను వంచి పట్టుకొని "ఏం కనవడ్తున్నది?" అని అడిగితే పాఠం మొదలైనట్టే. కూర్చోవడం, పేర్లు చెప్పుకోవడం, చాయ్ తాగడం అన్నీ తర్వాత. ఆన్‌లైన్‌లో అది కుదరదని అంటారు. నాకు సరిగ్గా తలకిందులుగా కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో చేనుకు దూరంగా ఉన్నది నేను. రైతు చేనులోనే ఉన్నాడు, చేతిలో కెమెరా పట్టుకొని. ఇంత సదుపాయం పొలంబడికి కూడా లేదు. దాన్ని వాడుకోవడం చేతకానివాళ్లు ఆఫీసులోని మీటింగు గదిని మోసుకొచ్చి చేనులో దించుతారు.

అలాగే దించాడు. మొదట ప్రార్థనా గీతం. అది ఎవరికీ వినబడలేదు. "వినవడుతున్నదా? వినవడితే బొటనవేలు గుర్తు పెట్టుండ్రి" అని కాసేపు. తర్వాత తెర మీద ఇత్తడి దీపం బొమ్మ వచ్చింది. ముఖ్య అతిథి తన కంప్యూటర్‌లో మీట నొక్కితే వత్తులు వెలుగుతాయట. అందరూ లేచి నిలబడాలట. పైన చొక్కా, కింద లుంగీ కట్టుకొని కూర్చున్న నేను లేవలేదు. మీట మాత్రం నొక్కాను. ఒక వత్తి వెలిగింది, మిగతావి వెలగలేదు.

"మళ్లొక్కసారి సార్."

మా ఇంటామె వంటింట్లోంచి తొంగిచూసి, "అగ్గిపెట్టె తేవాల్నా?" అంది.

ఆ తర్వాత పరిచయాలు. పేరు, ఊరు, ఈ వర్క్‌షాప్ నుంచి ఏం ఆశిస్తున్నారో ఒక్క మాటలో చెప్పాలి. ఒక పెద్దాయన వంతు వచ్చింది. "ఆశలేం లెవ్వు సారూ, పురుగు సావాలె," అని ఊరుకున్నాడు.

ఆయన తర్వాత ఒకామె. తలకు తువ్వాల చుట్టుకొని చేను గట్టు మీద నిలబడి ఉంది. వెనక ఒకతను మందు పంపు వీపుకు ఎత్తుకుంటున్నాడు.

"పేరు ఎన్కకు చెప్త సారూ. జర గీ పువ్వు సూడుండ్రి. మా ఇంటాయన దుబాయ్‌ల ఉన్నడు, ఎవల్ని అడగాల్నో తెలుస్తలేదు. పంపాయన వచ్చి నిలవడ్డడు. కొట్టియ్యాల్నా, ఆగాల్నా? ఒక్క మాట చెప్పుండ్రి."

ఆమె వేళ్ల మధ్య గుడ్డిపువ్వు తెర నిండా కనిపించింది. నేను చూపించమని అడగాలనుకున్నది అదే. అడగకుండానే వచ్చింది.

"అమ్మా, ప్రశ్నలు ఆఖరుకు," అన్నాడు కోఆర్డినేటర్.

"ఆఖరుకంటే? పత్తి ఏరినంకనా?"

ఎవరో గట్టిగా నవ్వారు. ఆ నవ్వు ఆయనకు నచ్చలేదు. ఆమె పెదవులు ఇంకా కదులుతున్నాయి కానీ మాట ఆగిపోయింది. మ్యూట్ చేశాడు. "కొట్టియ్యకు బిడ్డా, ముందుగాల పూలు ఏరు!" అని నేను అరిచాను. తెర మీద ఒక్క తల కూడా తిరగలేదు.

"మ్యూట్ల మొత్తుకుంటే గోడకు వినవడ్తది," అంది మా ఇంటామె.

చూస్తే నా మైకు గుర్తు మీద కూడా ఎర్రగీత ఉంది. నొక్కితే అనుమతి లేదని వచ్చింది. పాఠం చెప్పాల్సినవాడి నోరు మూసి, ఆ మనిషి నా పరిచయం చదవడం మొదలుపెట్టాడు. నేను పుట్టిన ఊరి నుంచి. తెర మీద ఆ గట్టు మీదామె కాసేపు ఫోన్ వైపు చూసింది. ఏదో అంది. వినబడకపోయినా ఏమందో ఊహించడం కష్టం కాదు. తర్వాత ఆమె గడి మాయమైంది.

నేనూ బయటికొచ్చేశాను. నా పరిచయం నేను లేకుండానే సాగి ఉంటుంది. వర్క్‌షాప్ కోసం పెట్టిన వాట్సాప్ గ్రూపులో ఆమె ఫోటో గుర్తుపట్టి నంబరు తీసుకున్నాను. ఎన్నిసార్లు చేసినా అందుబాటులో లేదనే వచ్చింది. గట్టు దిగితే అక్కడ సిగ్నల్ ఉండదని తర్వాత తెలిసింది. చాలాసేపటికి కలిసింది.

"ఎవలు?"

"వర్క్‌షాప్ సారును బిడ్డా."

"దీపం సారా? ఎలిగిందా దీపం?"

"పంపు ఆపు."

"సగం చేను అయిపోయింది. గిప్పుడు ఆపుమంటవా?" మర్యాద ఎగిరిపోయింది.

"ఆపు. మందు కొట్టిన దిక్కు గట్టు పొంటి ఒక గుడ్డిపువ్వు తెంపు. ఇప్పు. ఏం కనవడ్తున్నది?"

ఆకులు కదిలిన చప్పుడు. తర్వాత, "థూ! లోపట పురుగున్నది. బతికే ఉన్నది, కదుల్తున్నది. గిప్పుడే గద గీ సాలుకు కొట్టింది!"

"గందుకే ఆపుమన్న."

"ఓ అన్నా, పంపు దించు!" అని అవతల కేక. మళ్లీ నాతో, "గీ ముక్క చెప్పెతందుకు పాట ఎందుకు, దీపం ఎందుకు?"

అప్పుడే మందు పడ్డ సగంలోకి కూలీలను దింపలేం కాబట్టి, మిగిలిన సగంలో గుడ్డిపూలు ఏరించి, గట్టు మీద వదిలేయకుండా కాల్చేయమన్నాను. ఫోన్ పెట్టేసింది. మంచిది సారూ అని కూడా అనలేదు. అనాల్సిన పని కూడా లేదు.

సాయంత్రం కోఆర్డినేటర్ ఫోన్.

"మధ్యల పోతిరి సార్. కార్యక్రమం మొత్తం ఖరాబైంది."

"నన్ను మ్యూట్ చేసింది ఎవలు?"

"నేనే సార్. మధ్యల మాట్లాడితే డిస్టర్బ్ అయితది గద."

ఆ మాటను ఆ రాత్రి డైరీలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. పై వాళ్లకు చూపించడానికి ఆయనకు ఇంకో వర్క్‌షాప్ కావాలి, నేను కావాలి. "మ్యూట్ మీట నా చేతికిస్తె వస్త, లేకుంటే రాను," అన్నాను. గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు.

పత్తి ఏరే కాలంలో రెండోది జరిగింది. పాట లేదు, దీపం లేదు. "చేన్లకు దిగుండ్రి. ఒక కాయ పలగ్గొట్టుండ్రి. ఏం కనవడ్తున్నది?" అన్నాను. కాసేపు ఎండుటాకుల చప్పుడు, అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత ఒక్కో కాయ కెమెరా ముందుకు వచ్చింది. ఎవరి పేరేమిటని ఎవరూ అడగలేదు.

ఆమె కూడా వచ్చింది. కాయ చూపించలేదు. గట్టు మీద నిలబడి ఫోన్‌ను చేను మీదికి తిప్పింది. రెక్కలొచ్చి ఎగిరే పురుగుకు సగం చేను, పూర్తి చేను అని ఉండదు, కాబట్టి తేడా భూమికీ ఆకాశానికీ ఉన్నంత ఏమీ లేదు. కానీ ఉంది. మందు కొట్టిన పక్క సగమే విచ్చి గిడసబారిన కాయలు, పసుపు మరకలు పడ్డ దూది ఎక్కువ. రెండో పక్క తెల్లగా పగిలినవి ఎక్కువ.

"కోఆర్డినేటర్ సారున్నడా?" అంది.

"ఉన్ననమ్మా."

"మంచిగ సూడుండ్రి సారూ. గీ పక్క మీ దీపం. గా పక్క ఫోను."

ఆయన ముఖం మాడిపోయింది. "అమ్మా, అభిప్రాయాలు ఆఖరుకు..." అంటుంటే ఆయన కళ్లు తెర మీద అటూ ఇటూ వెతుకుతున్నాయి. ఏం వెతుకుతున్నాడో నాకు తెలుసు. అది ఇప్పుడు నా దగ్గరుంది.

"ఇంక చెప్పు బిడ్డా," అన్నాను.

చెప్పింది. ఆ పక్క ఎన్ని సాళ్లు పాడయ్యాయో, దుబాయ్‌లో ఉన్నాయన ఫోన్‌లో ఏమేం అన్నాడో, అంతా చెప్పింది. చివరికి నా వైపు తిరిగింది.

"మిమ్మల్ని సుత అంటున్న సారూ. సగం చేను అయినంక దొరికింది మీ ఫోను. గా పొద్దు మొదాలు మీరే మాట్లాడితే ఏం పోయేది?"

ఆ రోజు నా మైకుకు అనుమతి లేదని చెప్పవచ్చు. చెప్పలేదు. మ్యూట్ మీట నా వేలి కిందే ఉంది. అదీ నొక్కలేదు.