ఒకే రసీదు మీద రెండు సరుకులు

మినిమం ఛార్జీ గురించి వన్‌టౌన్‌లో ట్రాన్స్‌పోర్టు గుమస్తాను గంటసేపు కడిగేశానని ఇంట్లో చెప్పుకున్నాను. అబద్ధం. నేనన్నది ఒక్క మాట.

"చంకలో పట్టే మూటకి యాభై కిలోల కిరాయా అండీ?"

"మినిమం అంతేనండీ. మూట చిన్నదని హమాలీ సగం కూలి పుచ్చుకుంటాడా? గోడౌన్‌లో చోటు ఇవ్వొద్దా?"

మూటలో ఉన్నవి నేతచీరలు, వాటిలో ఒకటి పెళ్ళికూతురి తెల్లచీర. హనుమాన్ జంక్షన్‌లో మా చీరల కొట్టు పాత ఖాతాదారు కూతురికి చర్చిలో పెళ్ళి. చీర చేరాకే జాకెట్టు కుట్టించాలి. బస్సులో నేనే పట్టుకెళ్ళొచ్చు గానీ మోకాళ్ళు వద్దన్నాయి.

పక్కన ఒకాయన పంపుసెట్ల సామాను బస్తాలు వేయిస్తున్నాడు. ఆయన కొట్టూ ఆ ఊళ్ళోనే.

"నా రసీదులో కలిపేద్దాం గురువుగారూ, మీకు మినిమం పడదు."

ఇలా కలిపి వేసుకోవడం మా బజారులో మామూలే. రసీదు ఆయన పేర రాయించాం. నా అంత లెక్కగాడు బెజవాడలో లేడనుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడు పెళ్ళికూతురి తల్లి ఫోను. "సరుకొచ్చింది బాబాయి గారూ, రసీదు నా పేర లేదని ఇవ్వడం లేదు. పెళ్ళి రేపే! టైలరు సాయంత్రం దాకే ఉంటానన్నాడు."

బస్తాల ఆయన ఫోను ఎత్తడు. కూర్చోలేక, నిలబడలేక, బస్సెక్కాను. పరిగెత్తి ఎక్కానని తర్వాత అందరికీ చెప్పాను. కండక్టరు చెయ్యిచ్చి లాగాడు. గన్నవరం దాటాక బస్తాల ఆయన ఫోనులో దొరికాడు.

"నేనింకా బెజవాడలోనే ఉన్నానండీ. రసీదు ఫొటో పంపిస్తా. కానీ ఒకటే రసీదు కదా, సరుకంతా విడిపించాలి. నా బస్తాలు కూడా కాస్త కొట్టు దగ్గర దింపించెయ్యండి."

గోడౌన్ గుమ్మంలో ఆ తల్లి అటూ ఇటూ తిరుగుతోంది. ఫొటో చూపించి సరుకు విడిపించాను. మూట చేతికి రాగానే, "టీ కూడా ఇవ్వట్లేదు, ఏమనుకోకండి" అంటూ టైలరు దగ్గరికి పరిగెత్తింది. హమాలీకి, ఆటోకి ఇచ్చేసరికి మినిమం ఛార్జీ ఎప్పుడో దాటిపోయింది. తీరా బస్తాలతో వెళితే ఆయన కొట్టుకి తాళం. మళ్ళీ ఆయనకే ఫోను చేశాను.

"తాళంచెవి ఎవరి దగ్గరుందండీ?"

"నా దగ్గరేనండీ. వచ్చేస్తున్నా, కాస్త చూస్తుండండి."

వీధిలో బస్తాల మీద కూలబడ్డాను. వచ్చే ప్రతి బస్సునీ చూడటం, ఫోను చూడటం. టైలరు ఉన్నాడా, వెళ్ళిపోయాడా? చీకటి పడబోతుండగా ఆవిడే చేసింది.

"కత్తెర వేశాడు బాబాయి గారూ! మీరెక్కడున్నారు?"

"ఇక్కడే అమ్మా, పంపుసెట్ల వ్యాపారం చూసుకుంటున్నాను" అన్నాను, బస్తా మీంచి లేవకుండా.